అందరికిని ఆట

సాయంకాలమైనది. వీథిలోని పిల్లలందఱు గుమిగూడి బంతి ఆడుచున్నారు. ఒక బాలుడు మాత్రము ఇంటి అరుగుపై కూర్చుండి వారిని చూచుచున్నాడు. బంతి తనవైపు దొర్లినప్పుడెల్ల అతని ముఖము వికసించును. ఎవరో పరుగున వచ్చి దానిని తీసికొని పోగానే ఆ వికాసము మాయమగును. పుట్టుకనుండియు అతని చేతులు బిగుసుకొని యుండును; కాళ్లు నిలువవు. అతనికి ఆటయందు ఆసక్తి లేదని ఎవ్వరును చెప్పజాలరు. ఆ ఆటను అతని చేతులకు తగినట్లు ఎవరును అమర్చలేదు. ఉన్న లోపము అదియే.

కన్ను కానరాని వారు, చెవి వినరాని వారు, కాలుసేతులు స్వాధీనములో లేనివారు, బుద్ధి మెల్లగా వికసించువారు అనేకులు మన నడుమనే కలరు. వారికిని ఆట అన్నమువలె అవసరము. ఆటలో చేయి పట్టును నేర్చును. కన్ను గుఱిని నేర్చును. నోరు మాటను నేర్చును. తన వంతు వచ్చువఱకు ఓర్పు వహించుటను మనస్సు నేర్చును. ఆడుకొనుట బాలల హక్కని 1989వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణము చెప్పుచున్నది. మన దేశము 1992లో ఆ ఒడంబడికను అంగీకరించినది.

ఇటలీ దేశమున మరియా మాంటిసోరి అను వైద్యురాలు, చదువు రాదని పెద్దలు విడిచిపెట్టిన మందబుద్ధి పిల్లలకు రోము నగరమున విద్య నేర్ప పూనుకొనెను. వారి చేతికి వస్తువుల నిచ్చి, తాకి, త్రిప్పి, పేర్చి తెలిసికొనునట్లు చేసెను. ఆ యనుభవమునే ఆధారముగా గొని 1907లో ఇతర బాలలకొఱకు ‘బాలగృహము’ను నెలకొల్పెను. 1939లో మదరాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. గరుకు కాగితముతో చేసిన అక్షరములపై వ్రేలు నడపించుట ఆమె పద్ధతులలో నొకటి. తెలుగువారి యిండ్లలో అక్షరాభ్యాసము నాడు పళ్లెములోని బియ్యముపై శిశువు వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుట కలదు. ఆ పళ్లెమును ఒక్కనాటి వేడుకతో దాచిపెట్టక ప్రతిదినమును ముందుంచినచో, చేతికి ఆటయు మనస్సునకు చదువును ఒక్కసారియే లభించును. అందులకు కానియైనను ఖర్చు లేదు.

చూపులేని పిల్లలకు చెవియు వ్రేళ్లును కన్నులు. 1922లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున ఇద్దఱు అంధకార్మికులు రేకుడబ్బాలో రాళ్లు వేసి, ఆ చప్పుడును బట్టి క్రికెట్ ఆడిరి. అంధుల క్రికెట్టునకు అదియే ఆరంభము. నేడు ఆ యాటలోని బంతి లోపల గుండ్లు గలగలలాడుచుండును. దాని తొలి ప్రపంచకప్ పోటీలు 1998లో ఢిల్లీలో జరిగెను. ఆంధ్రప్రదేశమునకు చెందిన అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల జట్టునకు నాయకుడై, 2023వ సంవత్సరపు అర్జున పురస్కారము నందెను. మూత గట్టిగా బిగించిన డబ్బాలో నాలుగు చింతపిక్కలు వేసినచో అట్టి ఆటవస్తువు ఇంటనే సిద్ధమగును. వామనగుంటల పీటపై రెండు వరుసలలో పదునాలుగు గుంటలుండును. పిక్కలను తడిమి లెక్కింపవచ్చును గనుక చూపులేనివారును చూపున్నవారితో సమముగా ఆడగలరు. పులిజూదపు గీతలపై దారము నంటించి, పులులకు మూడు గవ్వలను, మేకలకు పదునైదు చింతపిక్కలను వాడిన యెడల ఆ యాటయు వ్రేళ్లకు అందును.

వినికిడి లేని పిల్లలతో ఆడునప్పుడు ఈల వేయుటకు బదులు రంగుగుడ్డ నూపవలెను. ఆట నియమములను నోట చెప్పక ఒకసారి ఆడి చూపవలెను.

చేతిపట్టు లేనివారికొఱకు గరిటె పిడికి, కుంచె కాడకు పాతగుడ్డ చుట్టి లావు చేయవచ్చును. పళ్లెము క్రింద తడిగుడ్డ పఱచినచో అది జారిపోదు.

బుద్ధి మెల్లగా వికసించు పిల్లలకు పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీయవలెను. డబ్బాలకు తగిన మూతలు వెదకి పెట్టుట, కందులను మినుములను వేఱు చేయుట, ఒకే రంగు గుడ్డలను జతపఱచుట వారికి మంచి ఆటలు. కొందఱు ఆటిజము గల పిల్లలకు పెద్ద చప్పుళ్లు బాధాకరములు. వారికి నిశ్శబ్దమైన చోటును, ప్రతిదినము ఒకే క్రమమును హాయి నిచ్చును. వారు ఒంటరిగా ఆడుచున్నచో బలవంతముగా లాగరాదు. ప్రక్కనే కూర్చుండి అదే ఆట ఆడినచో, తమకు ఇష్టమైనప్పుడు వారే దగ్గఱకు వత్తురు.

ఒక జాగ్రత్త మఱువరాదు. వస్తువులను నోట పెట్టుకొను పిల్లలకు పిక్కలు, గింజలు, గవ్వలు ఈయరాదు. అవి గొంతున అడ్డుపడి ప్రాణాపాయము కలిగించును. వారికి నోట పట్టని పెద్ద వస్తువులే తగినవి. నీటితో ఆడునప్పుడు, అది చిన్న బకెట్టే యైనను, పెద్దవారొకరు ప్రక్కనే యుండవలెను.

జాలిపడి ఆ పిల్లలను ఊరక గెలిపించుటయు మంచిది కాదు. నియమమును మార్చదలచినచో ఆటకు ముందే, అందఱి యెదుటను మార్చవలెను. ఏ యాట కావలెనో వారినే అడుగవలెను. వారి వంతు వచ్చినప్పుడు తొందరపెట్టక వేచియుండవలెను.

అరుగు మీది బాలుని అక్క ఒకనాడు పాతగుడ్డలతో బంతి కట్టి, దారముతో చూరునకు వ్రేలాడదీసెను. అతడు చేతితో త్రోసిన బంతి దూరముగా పోయి తిరిగి అతనియొద్దకే వచ్చెను. కొన్ని దినములు చేయి తప్పుచుండెను. పిమ్మట పదింట రెండు తగిలెను. అది చూచి వీథిలోని పిల్లలు ఇద్దఱు అరుగెక్కిరి. కూర్చుండియే ఆడవలెననియు, లేచినవారికి వంతు పోవుననియు నియమ మేర్పడెను. మఱునాడు వారిలో మొదట వంతు పోగొట్టుకొన్నవాడు పరుగుపందెములలో అందఱికంటె ముందుండు బాలుడు. అరుగు మీది బాలుడు పకపక నవ్వి, బంతిని తనవైపు లాగుకొనెను.