కొండారెడ్డి బురుజు

కర్నూలు టౌనుకు పోయిన వాళ్ళు కొండారెడ్డి బురుజును చూడకుండా రారు. అది ఊరి నడుమ నిలిచిన ఎత్తైన రాతి కట్టడం. ఎవరికైనా దారి చెప్పాలంటే 'బురుజు దగ్గర' అంటారు. బురుజు అంటే కర్నూలు, కర్నూలు అంటే బురుజు.

బురుజు ఎందుకు కట్టారు?

పూర్వం ఊళ్ళ మీదికి శత్రువులు దండెత్తి వచ్చేవాళ్ళు. అందుకని రాజులు ఊరి చుట్టూ కోటగోడ కట్టించేవాళ్ళు. గోడకు అక్కడక్కడ బురుజులు ఉండేవి. సైనికులు బురుజు ఎక్కి రాత్రింబగళ్ళు కాపలా కాసేవాళ్ళు. చేనుకు మంచె ఎట్లాగో, కోటకు బురుజు అట్లా.

కర్నూలు కోటను విజయనగర రాజు అచ్యుతదేవరాయలు కట్టించాడు. ఆయన 1529 నుండి 1542 వరకు ఏలాడు. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని తరువాతి కాలంలో ఈ బురుజులో బంధించారని చెబుతారు. అందుకే ఆ పేరు వచ్చిందంటారు.

రాజులు పోయారు. నవాబులు వచ్చారు. 1839లో కర్నూలు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. మేడలు చాలక గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరు మునిగింది. ఇన్నింటినీ చూసి బురుజు నిలిచే ఉంది. అందుకే కర్నూలు వాళ్ళకు బురుజంటే అంత అభిమానం.

కోట ఏమైంది?

కోటగోడ చాలావరకు లేదు. కొన్ని బురుజులే మిగిలాయి. ఎర్ర బురుజు దగ్గర ఎల్లమ్మ గుడి ఉంది. అమ్మవారికి మొక్కేవాళ్ళు అక్కడికి వస్తారు.

పాత గోడలు ఒక్కరోజులో కూలవు. రాళ్ళ సందులో కాకి రెట్టతో రావి విత్తనం పడుతుంది. మొక్క మొలుస్తుంది. వేరు లావయ్యే కొద్దీ గోడ పగులుతుంది. ఆ పగులులో వాననీళ్ళు దిగి సున్నం కరుగుతుంది. గోడ పక్కన మూత్రం పోస్తే అందులోని ఉప్పు రాతిని తినేస్తుంది. కొందరు మేకుతో పేర్లు గీకుతారు. కొందరు రాళ్ళు ఎత్తుకుపోయి ఇండ్లకు పెట్టుకుంటారు. నిధి ఉందని తవ్వేవాళ్ళూ ఉన్నారు.

కాపాడేది ఎవరు?

పాత కట్టడాలను కాపాడటానికి 1958లో చట్టం వచ్చింది. కేంద్ర పురావస్తు శాఖ రక్షించే కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుల్మానా పడవచ్చు. లేదా రెండూ పడవచ్చు. అటువంటి చోట శాఖ వాళ్ళ బోర్డు ఉంటుంది.

చదువు వచ్చిన తల్లి ఆ బోర్డు చదివి పిల్లలకు చెప్పగలదు. గోడ మీద పేరు గీకే పిల్లవాడికి పలక ఇచ్చి, 'పేరు ఇందులో రాయి నాయనా' అనగలదు. నలుగురు ఆడవాళ్ళు కలిసి మొక్క పీకించమని, చెత్త తీయించమని ఆఫీసుకు అర్జీ రాయగలరు.

ఒకనాడు బురుజు ఊరిని కాచింది. ఈనాడు బురుజును ఊరు కాయాలి.

మాట్లాడుకోండి

1. మీ ఊరిలో పాత బురుజు, బావి, గుడి, మసీదు ఏమైనా ఉన్నాయా?
2. వాటి కథ మీ ఊరి పెద్దవాళ్ళను అడిగి రాయండి.
3. వాటిని కాపాడాలని ఎవరికి అర్జీ రాస్తారు?