సూర్యుడు కరెంటు తీసేశాడు!

1989 మార్చి 13. అర్ధరాత్రి దాటి 2.44 గంటలు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం గాఢనిద్రలో ఉంది. బయట ఎముకలు కొరికే చలి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఒక వీధిలోనో ఊళ్లోనో కాదు, రాష్ట్రమంతటా! గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి పట్టింది ఒకటిన్నర నిమిషమే. అరవై లక్షలమంది చీకట్లో చిక్కుకుపోయారు. చాలామందికి తొమ్మిది గంటల దాకా కరెంటు రాలేదు. పిడుగు పడలేదు, తీగ తెగలేదు. ఆ పని చేసింది పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యుడు.

సూర్యుడి నుంచి మనకి వచ్చేది వెలుగూ వేడీ మాత్రమే కాదు. ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లతో కూడిన 'సౌరపవనం' కూడా ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. పవనం అన్నారు కదా అని పైరగాలిలా ఊహించుకుంటే పొరపాటే, దాని వేగం సెకనుకి సుమారు నాలుగొందల కిలోమీటర్లు! అయినా భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం గొడుగులా అడ్డుపడుతుంది. చిక్కల్లా సూర్యుడు ఒక్కోసారి వందల కోట్ల టన్నుల పదార్థాన్ని మేఘంలా ఎగజిమ్మినప్పుడే. 1989లో అలాంటి మేఘం మార్చి 10న బయల్దేరింది.

గమ్మత్తేమిటంటే, మేఘం వచ్చి తాకినా ఒక్కోసారి పెద్దగా ఏమీ కాదు. అది తన వెంట తెచ్చే అయస్కాంత క్షేత్రం ఎటు తిరిగి ఉందన్నదే ముఖ్యం. సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు భూమి క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉంటుంది. మేఘానిదీ అటే అయితే చాలావరకూ పక్కనుంచి జారిపోతుంది. దక్షిణానికి తిరిగి ఉంటే మాత్రం రెండు క్షేత్రాలూ ముడిపడి, మన గొడుగుకి చిల్లు పడినట్టవుతుంది. శక్తి లోపలికి చొరబడి, ఆకాశంలో లక్షల ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. భూ అయస్కాంత క్షేత్రం అల్లల్లాడిపోతుంది. అదే భూ అయస్కాంత తుపాను.

అయస్కాంత క్షేత్రం మారితే తీగలో కరెంటు పుడుతుందని హైస్కూలు పిల్లల్ని అడిగినా చెబుతారు. క్విబెక్‌లో ఆ తీగలు వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైన్లు. పైగా అక్కడ నేల కింద ఉన్నది కరెంటుని సరిగా పోనివ్వని పురాతన శిల. దాంతో అది లైన్లలోకి మళ్లింది. ఓల్టేజీని నిలకడగా ఉంచే ఏడు పరికరాలు నిమిషంలోపే వరసగా ట్రిప్పయ్యాయి. ఆపైన ఇక ఆపేదేముంది!

ధ్రువాలకు దూరంగా ఉన్నాం కాబట్టి మనకి ఈ బెడద తక్కువ. అలాగని బొత్తిగా తప్పించుకోలేం. 2024 మే 10 రాత్రి వచ్చిన తుపానుకి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది.

మేఘం బయల్దేరిన సంగతి టెలిస్కోపులు ఒకటి రెండు రోజుల ముందే చెబుతాయి. దాని క్షేత్రం ఎటు తిరిగి ఉందో మాత్రం, భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలోని వ్యోమనౌకల్ని తాకేదాకా కచ్చితంగా తెలియదు. 1989లో అక్కడ కాపలా కాసే నౌకే లేదు. ఇప్పుడున్నవాటిలో మన ఆదిత్య-ఎల్1 ఒకటి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 2024 జనవరి 6న అక్కడికి చేరింది. దాని మాగ్నెటోమీటరు కొలిచేది ఆ దిక్కునే. అక్కణ్నుంచి మేఘం మనల్ని చేరడానికి అరగంట, మహా అయితే గంట. గ్రిడ్ ఇంజినీర్లు లోడు తగ్గించుకోవాలన్నా, లైన్లు మార్చుకోవాలన్నా చేతిలో ఉండేది ఆ కాస్త సమయమే.