కెరటోకోనస్‌కు క్రాస్‌లింకింగ్: ఉన్న చూపును నిలిపే చికిత్స

కంటి ముందు భాగంలో గడియారం అద్దంలా అమరి ఉండే పారదర్శక పొర కార్నియా. మధ్యలో దీని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కంట్లోకి వచ్చే కాంతిని వంచే పనిలో మూడింట రెండు వంతులు ఈ పలుచని పొరదే. అందుకే దీని వంపు ఏ కొంచెం మారినా చూపు చెదురుతుంది. కెరటోకోనస్ వచ్చినవారిలో కార్నియా మధ్యనో, కాస్త దిగువనో పలుచబడుతుంది. కంటి లోపలి ఒత్తిడికి తట్టుకోలేక ముందుకు ఉబికి శంకువు ఆకారానికి వస్తుంది. బ్రిటిష్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ 1854లోనే ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. దాన్ని మధ్యలో ఆపగలిగే చికిత్స రావడానికి మాత్రం మరో నూట యాభై ఏళ్లు పట్టింది.

జబ్బు సాధారణంగా యుక్తవయసులో మొదలై, ఇరవైల్లో ముదిరి, నలభైకి చేరేసరికి చాలామందిలో తనంతట తానే నెమ్మదిస్తుంది. వయసు పెరిగేకొద్దీ కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య సహజంగానే కొత్త బంధాలు ఏర్పడి అది గట్టిపడటం ఇందుకు ఒక కారణం. వంశపారంపర్యం, డౌన్ సిండ్రోమ్, అలర్జీ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. అన్నిటికన్నా మన చేతుల్లో ఉన్నది కళ్లు నులుముకునే అలవాటు. వేడి, పొడి వాతావరణంలో పిల్లలకు వచ్చే కంటి అలర్జీలో దురద విపరీతంగా ఉంటుంది. వాళ్లు పిడికిలితో గట్టిగా రుద్దుతూనే ఉంటారు. బలహీనమైన కార్నియాకు ఆ రాపిడి తోడైతే ఉబ్బు వేగం పుంజుకుంటుంది.

తొలి లక్షణాలు మామూలు సైటులాగే కనిపిస్తాయి. అద్దాల నంబరు తరచూ మారుతుంది, సిలిండర్ పవర్ పెరుగుతుంది, రాత్రిపూట దీపాల చుట్టూ చారలు కనిపిస్తాయి. కొన్నాళ్లకు ఎన్ని అద్దాలు మార్చినా చూపు స్పష్టం కాదు, ఎందుకంటే ఎగుడుదిగుడుగా మారిన ఉపరితలాన్ని మామూలు అద్దాలు సరిచేయలేవు. జబ్బు రెండు కళ్లకూ వచ్చినా ఒకదానిలో ముందుంటుంది. రెండో కన్ను బాగా కనిపిస్తున్నంతకాలం పిల్లలు ఫిర్యాదు చేయరు. అద్దాలు వదిలించుకుందామని లేసర్ చికిత్సకు వెళ్లి, అక్కడి పరీక్షల్లో జబ్బు సంగతి తెలుసుకునే యువకులూ ఉన్నారు. లేసర్ కార్నియాను మరింత పలుచన చేస్తుంది కనుక అలాంటివారికి అది పనికిరాదు. జబ్బును నిర్ధారించడానికి కార్నియా వంపునూ మందాన్నీ ఎత్తుపల్లాల పటంలా చూపే టోపోగ్రఫీ, టోమోగ్రఫీ పరీక్షలు చేస్తారు.

జబ్బు ముదరకుండా ఆపే చికిత్స అయిన క్రాస్‌లింకింగ్‌ను జర్మనీలోని డ్రెస్డెన్‌లో థియో సైలర్, ఎబర్‌హార్డ్ ష్పూర్ల్, గ్రెగర్ వోలెన్‌సాక్ అభివృద్ధి చేశారు. రోగులపై తొలి ఫలితాలు 2003లో వెలువడ్డాయి. అమెరికాలో అనుమతి 2016లో వచ్చింది. మన ఆసుపత్రుల్లో దీన్ని ‘సీ3ఆర్’ అని కూడా అంటారు. వయసు మీద సహజంగా జరిగే గట్టిపడటాన్ని ముందుగానే తెప్పించడం దీని ఉద్దేశం. మత్తు చుక్కలు వేసి కార్నియా పైపొరను మధ్యలో 8, 9 మిల్లీమీటర్ల మేర తొలగిస్తారు. అర గంటపాటు రైబోఫ్లావిన్, అంటే విటమిన్ బి2 చుక్కలు వేస్తూ లోపలికి ఇంకనిస్తారు. తరువాత మరో అర గంట 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తారు. కాంతిని పీల్చుకున్న రైబోఫ్లావిన్, ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది. దాని ప్రభావంతో కొల్లాజెన్ పోగులకూ వాటి చుట్టూ ఉన్న పదార్థానికీ మధ్య కొత్త రసాయన బంధాలు పడతాయి.

రైబోఫ్లావిన్‌కు ఇక్కడ రెండో పని కూడా ఉంది, నిజానికి అదే ఎక్కువ కీలకం. అతినీలలోహిత కాంతిని చాలావరకు తానే పీల్చుకుని, కార్నియా అడుగునున్న ఎండోథీలియం కణాలకు చేరకుండా అడ్డుపడుతుంది. ఆ కణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు. పైపొర తీసేశాక కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలన్న నియమం అందుకే. అంతకన్నా పలుచబడిన కార్నియాను నీరు పట్టించి ఉబ్బేలా చేసే ప్రత్యేక చుక్కలతో సిద్ధం చేస్తారు. తక్కువ సమయంలో ఎక్కువ తీవ్రతతో కాంతిని ఇచ్చే వేగవంతమైన పద్ధతులూ వాడుకలో ఉన్నాయి.

పెద్దవారిలో జబ్బు ముదురుతోందని వరుస పరీక్షల్లో తేలాకే చికిత్స చేయడం రివాజు. కార్నియా వంపు ఏడాదిలో ఒక డయాప్టరు పెరిగితే ముదురుతున్నట్టే అని చాలామంది వైద్యులు లెక్కిస్తారు. పిల్లల్లో ఈ నిరీక్షణ ఖరీదైనది. వారిలో జబ్బు వేగంగా సాగుతుంది, చెడిన వంపు పూర్తిగా మునుపటిలా కాదు. బ్రిటన్‌లో 10 నుంచి 16 ఏళ్ల వయసున్న 60 మందిపై జరిగిన కెరాలింక్ పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. 18 నెలల్లో మామూలు సంరక్షణ పొందినవారిలో 43 శాతం మందికి జబ్బు ముదరగా, క్రాస్‌లింకింగ్ చేయించుకున్నవారిలో అది 7 శాతమే. నిర్ధారణ కాగానే పిల్లలకు చికిత్స చేయాలన్న వాదనకు బలం ఇక్కడే ఉంది.

చికిత్స తరువాత రెండు మూడు రోజులు నొప్పి, మంట, నీరు కారడం ఉంటాయి. పైపొర మళ్లీ పెరిగేదాకా, అంటే సుమారు అయిదారు రోజులు, కట్టులా పనిచేసే కాంటాక్ట్ లెన్సు పెడతారు. ఆ రోజుల్లోనే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. అరుదే అయినా అది వస్తే మచ్చ మిగిలి చూపు తగ్గవచ్చు. కొన్ని నెలలు సన్నని మసక ఉండి క్రమంగా తొలగుతుంది. వంపు కొద్దిగా చదునయ్యే అవకాశం ఉన్నా, అద్దాలు మానేయవచ్చన్న ఆశతో దీనికి వెళ్లడం తప్పు. చూపు కోసం తరువాత కూడా అద్దాలో, గట్టి లెన్సులో, కంటి తెల్లగుడ్డుపై ఆనే స్క్లీరల్ లెన్సులో వాడాల్సిందే. బాగా ముదిరి మచ్చలు పడితే కార్నియా మార్పిడి ఒక్కటే దారి. నెదర్లాండ్స్‌లో క్రాస్‌లింకింగ్ అందుబాటులోకి వచ్చాక కెరటోకోనస్ కారణంగా చేసే మార్పిళ్లు సుమారు పావు వంతు తగ్గాయి.

అలర్జీ అదుపులో లేకపోయినా, నులుముకోవడం ఆగకపోయినా చికిత్స చేసిన కంట్లో కూడా జబ్బు మళ్లీ కదలవచ్చు. పిల్లల్లో ఇది పెద్దవారికన్నా ఎక్కువ. అందుకే కార్నియా పటాలను కొన్నేళ్లపాటు క్రమం తప్పకుండా తీసి పాతవాటితో పోలుస్తారు. అవసరమైతే క్రాస్‌లింకింగ్ రెండోసారి చేస్తారు.