ముందు వాల్యూమ్ సరిచేయండి

2008 సెప్టెంబరులో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బం విడుదల చేసింది. అవే పాటలు ‘గిటార్ హీరో 3’ అనే వీడియో గేమ్‌లోకీ వచ్చాయి. డబ్బు పోసి సీడీ కొన్నవాళ్లకు గేమ్‌లో వినిపించే పాటే బాగుందనిపించింది. గేమ్‌లో డ్రమ్ము మీద పడ్డ ప్రతి దెబ్బా విడిగా తెలుస్తోంది. సీడీలో అదే దెబ్బ గిటార్ల హోరులో చితికిపోయి, కొన్నిచోట్ల బరబరమంటోంది. అనుమానమొచ్చి రెండింటి తరంగాలనూ కంప్యూటర్ తెర మీద పక్కపక్కన పెట్టి చూశారు. గేమ్ పాటలో ఎత్తుపల్లాలు ఉన్నాయి. సీడీ పాట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందాన పరుచుకుని ఉంది. గేమ్ తయారీకి ఏ వాద్యానికి ఆ ట్రాకు విడిగా కావాలి కాబట్టి, చివరి దశలో సీడీకి చేసిన ‘నొక్కుడు’ దానికి తగల్లేదు. ఆల్బం మళ్లీ చేయమని అభిమానులు సంతకాలు కూడా సేకరించారు.

పాడినవాళ్లు వాళ్లే, వాయించినవాళ్లు వాళ్లే, రికార్డింగూ అదే. తేడా అంతా ఆ తర్వాత జరిగిన పనిలో ఉంది. పాత రాక్ ఆల్బంలు పదేళ్లకోసారి ‘రీమాస్టర్డ్’ ముద్రతో మళ్లీ అంగడికి వస్తుంటాయి కదా, వాటిని పోల్చాలన్నా చూడాల్సింది ఈ పనినే.

స్టూడియోలో ఒక్కో వాద్యాన్నీ ఒక్కో ట్రాకులో రికార్డు చేస్తారు. వాటిని కలిపి ఎడమ, కుడి చానళ్లుగా మార్చడం మిక్సింగ్. అలా తయారైన స్టీరియో టేపును ఎల్‌పీకో సీడీకో సరిపడేలా సర్దడం మాస్టరింగ్. బాస్ కాస్త పెంచడం, కీచుదనం తగ్గించడం, పాటకూ పాటకూ మధ్య వాల్యూమ్ సమంగా ఉండేలా చూడడం దీని కిందికి వస్తాయి. రీమాస్టర్ అంటే ఈ రెండో పనిని మళ్లీ చేయడమే. మిక్స్ మారదు, మారకూడదు.

1982లో సీడీ వచ్చింది. అందులో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఒక్కో అంకె -32,768 నుంచి 32,767 లోపే ఉండాలి. దాటడానికి వీల్లేదు. డ్రమ్ము దెబ్బ ఒకటి ఆ గీతను తాకిందంటే, ఇక పాట మొత్తాన్నీ పెంచే దారి లేదు. అయినా పెంచాలంటే లిమిటర్ కావాలి. కుంచంలో పైకి లేచిన బియ్యాన్ని చేత్తో చదును చేసినట్టు, అది శిఖరాలను కోసేస్తుంది. పైన చోటు దొరుకుతుంది కాబట్టి మిగతా పాటను పైకి జరపవచ్చు. సగటు తీవ్రత పెరుగుతుంది, దెబ్బకూ దెబ్బ తర్వాతి నిశ్శబ్దానికీ మధ్య దూరం తగ్గుతుంది. మొదట చెప్పిన ‘నొక్కుడు’ ఇదే. 1990ల్లో ఈ పోటీ ముదిరింది. రేడియోలోనో సీడీ ఛేంజర్‌లోనో పక్క పాటకన్నా తమ పాట మెత్తగా వినబడకూడదన్నదే అందరి పట్టుదల. పాత ఆల్బంల రీమాస్టర్లు కూడా అదే వరసలో నడిచాయి.

ఈ పోటీకి మన చెవే ఊతమిచ్చింది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్ సరిగా ఆనదు. పెంచేకొద్దీ అది నిండుగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. అందుకే ఒకే పాటను ఒక డెసిబెల్ ఎక్కువగా వినిపిస్తే ‘ఇందులో వాల్యూమ్ ఎక్కువ’ అని ఎవరూ అనరు, ‘ఇది స్పష్టంగా ఉంది, గొంతు ముందుకొచ్చింది’ అంటారు. రీమాస్టర్ల మీద వచ్చే పొగడ్తల్లో చాలా భాగం ఈ ఒక్క డెసిబెల్‌దేనని నా అభిప్రాయం.

కాబట్టి పోల్చాలనుకుంటే మొదటి పని వాల్యూమ్ సమం చేయడం. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పాత సీడీలోంచి ఒక పాట, కొత్త సీడీలోంచి అదే పాట తెరవండి. ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ అన్న చోట రెండింటికీ -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ అని ఇవ్వండి. చెవికి తోచే తీవ్రతను కొలవడానికి ప్రసార సంస్థలు వాడే కొలమానమిది. అంత తక్కువ ఎందుకంటే, మెత్తటిదాన్ని పెంచకుండా హోరెత్తేదాన్నే తగ్గించాలి, లేకపోతే మళ్లీ సీడీ అంకెల గరిష్ఠ గీత అడ్డొస్తుంది. ఇక ఏది ఏదో తెలియకుండా వినాలి. ఫూబార్ అనే ప్లేయర్‌కు దీనికోసం ఏబీఎక్స్ పరీక్ష చేసే అదనపు భాగం దొరుకుతుంది. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే మీకు తేడా నిజంగా వినబడుతోందని నమ్మవచ్చు. గుడ్డిగా చెప్పుకుంటూ పోయి అంతదాకా రాగలిగే అవకాశం 4 శాతం లోపే. ఈ పరీక్షకు ముందు ఆకాశానికెత్తిన రీమాస్టర్లు పరీక్ష తర్వాత కొన్ని నేలకు దిగుతాయి. యూట్యూబ్‌లో ‘రీమాస్టర్డ్’ పేరుతో కనబడే మన పాత సినిమా పాటలకూ ఇదే పరీక్ష పెట్టి చూడవచ్చు.

పింక్ ఫ్లాయిడ్ బృందం ఆల్బం ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ది ఇంకో తరహా మోసం. విడుదలై ముప్పయ్యేళ్లయిన సందర్భంగా 2003లో దాన్ని హైబ్రిడ్ ఎస్ఏసీడీగా తెచ్చారు. ఒకే డిస్కులో రెండు పొరలు, ఒకటి మామూలు సీడీ, రెండోది మరింత సూక్ష్మంగా నమోదైన ఎస్ఏసీడీ. బటన్ నొక్కి పొర మారిస్తే ఎస్ఏసీడీ మేలనిపిస్తుంది. ఆ ఘనత ఫార్మాట్‌దేనా? స్టీరియోఫైల్ పత్రిక కొలిచి చూస్తే సీడీ పొరను విడిగా, ఎక్కువగా నొక్కినట్టు తేలింది. అంటే అక్కడ పోటీపడుతున్నవి రెండు ఫార్మాట్లు కావు, రెండు మాస్టరింగులు.

వాల్యూమ్ సమం చేశాక కూడా తేడా నిలబడితే కారణం ఎక్కువగా టేపులోనే ఉంటుంది. తొలినాళ్ల సీడీలు చాలావాటిని ఎల్‌పీ కోసం సిద్ధం చేసుకున్న నకలు టేపుల నుంచే తీశారు. నకలుకు నకలు తీసేకొద్దీ బుసబుస పెరుగుతుంది, సన్నని వివరాలు పోతాయి. అసలు టేపును వెతికి పట్టుకుని చేసిన రీమాస్టర్ ఇక్కడ నిజంగానే గెలుస్తుంది. కానీ టేపుకీ వయసు మీదపడుతుంది. 1970ల నాటి కొన్ని రకాల టేపుల్లో జిగురు తేమ పీల్చుకుని బంకబంకగా మారింది. వాటిని సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెడితే తప్ప యంత్రం మీద తిరగవు. బుసబుసను సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే తాళాల చివరి రవళి కూడా దాంతోపాటే పోతుంది. అందుకే 1980ల నాటి సాదా సీడీల కోసం పాత సామాన్ల దుకాణాలు గాలించేవాళ్లున్నారు. అది వట్టి పాత మోజు కాదు.

బీటిల్స్ కథ ఇంకా చిక్కు. వాళ్ల ఆల్బంలు 1987లో తొలిసారి సీడీలుగా వచ్చినప్పుడు నిర్మాత జార్జ్ మార్టిన్ ‘హెల్ప్!’, ‘రబ్బర్ సోల్’ రెండింటినీ కొత్తగా మిక్స్ చేశారు. ఆబీ రోడ్ స్టూడియో ఇంజినీర్లు నాలుగేళ్లు పనిచేసి 2009 సెప్టెంబరు 9న తెచ్చిన స్టీరియో రీమాస్టర్లలోనూ ఆ రెండింటికీ 1987 మిక్సే వాడారు. 1965 నాటి స్టీరియో మిక్స్ కావాలంటే అదే రోజు వచ్చిన మోనో సీడీల పెట్టె కొనాల్సి వచ్చింది! ఆ పెట్టెకు ఇంకో విశేషముంది. స్టీరియో సీడీలకు లిమిటర్ కొద్దిగా వాడారు, మోనోకు అసలు వాడలేదు. ఒకే సంస్థ, ఒకే రోజు, రెండు పద్ధతులు.

అంకెలతో తేల్చేద్దామనుకునేవాళ్లకు డైనమిక్ రేంజ్ మీటర్ అనే సాధనముంది. డెత్ మాగ్నెటిక్ సీడీకి అది 3 మార్కులు వేస్తుంది. రాక్ సంగీతానికి 10, 12 వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. సీడీకీ సీడీకీ మధ్య ఈ లెక్క పనికొస్తుంది గానీ ఎల్‌పీ దగ్గర నమ్మకూడదు. అదే డిజిటల్ మాస్టర్‌ను ఎల్‌పీగా కోసి మళ్లీ రికార్డు చేస్తే, గాడిలో తరంగం ఆకారం కాస్త మారి మీటర్ మూడు నాలుగు మార్కులు ఎక్కువే చూపిస్తుంది. కోసేసిన శిఖరాలు తిరిగి మొలిచాయని కాదు, కొలత తడబడింది.

ఇప్పుడు స్పాటిఫై వంటి సేవలు పాటలన్నిటినీ దాదాపు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు సమం చేసి వినిపిస్తున్నాయి. హోరెత్తించి పంపిన పాటను అవే తగ్గించేస్తాయి. పెంచిన బలం పోతుంది, కోసిన శిఖరాలు మాత్రం వెనక్కి రావు. నొక్కని మాస్టర్‌లోని డ్రమ్ములు దాని పక్కన ఎత్తుగా వినబడతాయి. తీరా అక్కడ చాలా ఆల్బంలకు కొత్త రీమాస్టరే దొరుకుతుంది, పాతది దొరకదు.

డెత్ మాగ్నెటిక్‌ను మాస్టర్ చేసిన టెడ్ జెన్సెన్, మిక్సులు తన చేతికి రాకముందే నొక్కేసి ఉన్నాయని చెప్పారు. అలాంటప్పుడు ఎన్నిసార్లు రీమాస్టర్ చేసినా లాభం లేదు. కెనడా బృందం రష్ 2002లో తెచ్చిన ‘వేపర్ ట్రెయిల్స్’కూ ఇదే గతి పట్టింది. వాళ్లు మాస్టరింగ్‌తో సరిపెట్టలేదు. విడి ట్రాకుల దాకా వెనక్కి వెళ్లి, డేవిడ్ బాట్రిల్ చేత ఆల్బం మొత్తం కొత్తగా మిక్స్ చేయించి 2013లో విడుదల చేశారు. దాని అట్ట మీద ‘రీమాస్టర్డ్’ అని కాదు, ‘రీమిక్స్డ్’ అని ఉంటుంది.