కీళ్లనొప్పుల మాత్రలు – రైతులెరుగవలసిన విషయములు

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు మన సభ్యులకు క్రొత్త ప్రదేశములు కావు. ఈ రెంటి నడుమ కొత్తపేటలో నుండిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెటుకు మామిడియు, బత్తాయియు తోలినవారు మనలో ననేకులు కలరు. ఆ మార్కెటు బాటసింగారమునకు తరలిపోయినది. అది యుండిన స్థలమున పెద్ద ఆసుపత్రికి 2022 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. నేడును ఎల్.బి. నగరున బస్సు దిగి, మోకాలు పట్టుకొని మందుల దుకాణమునకు పోయి, వైద్యుని చీటీ లేకయే “నొప్పిబిళ్ల” యని యడిగి కొనువారు లేకపోలేదు. ఆ బిళ్ల చేయు మేలెంత, కీడెంత యను విషయమును సభ్యులకు విన్నవింప దలచితిమి.

నొప్పి కలిగినచోట మన శరీరమున కొన్ని రసాయనములు పుట్టును. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మొదలగు మాత్రలు వాని నడ్డగించి వాపును, నొప్పిని తగ్గించును. కాని ఆ రసాయనములే జఠరపు పొరను కాపాడుచు, మూత్రపిండములకు రక్తము చక్కగా పారునట్లు చేయుచుండును. కావున మాత్ర మోకాలి నొప్పి నణచునపుడే కడుపునకును, మూత్రపిండములకును గల రక్షణను కూడ తగ్గించుచున్నది. అరిగిన కీలును మాత్రము అది బాగుచేయదు.

ఎండలో చెమటోడ్చి, నీరు చాలక డస్సిన దేహముతో ఈ మాత్రలు మ్రింగుట మిక్కిలి అపాయకరము. నాట్లకును, కోతలకును పోవువారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి, కడుపులో పుండు కలవారును, వృద్ధులును, గర్భిణులును వైద్యుని యడుగక వీనిని ముట్టరాదు. మలము తారువలె నల్లబడినను, నెత్తురు వాంతియైనను, మూత్రము తగ్గి కాళ్లు వాచినను, రొమ్ము నొచ్చినను క్షణము జాగుచేయక ఆసుపత్రికి పోవలెను.

ఈ జాతి మందులలో రోఫికాక్సిబ్ అనునది కడుపునకు సుఖమైనదని పేరుపొంది లోకమంతట వాడబడెను. దానివలన గుండెపోటు, పక్షవాతము హెచ్చుచున్నవని తేలగా, 2004 సెప్టెంబరులో తయారుచేసిన కంపెనీయే దానిని వెనుకకు తీసికొనెను. ఆ సంవత్సరము డిసెంబరులో మన దేశమున దానిని నిషేధించిరి. డైక్లోఫెనాక్ కథ మనకు మరింత దగ్గరిది. ఆ మందు పొందిన పశువులు చచ్చినపుడు, వాని కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులు గుంపులుగా నశించినవి. అందుచేత 2006లో పశువులకు దాని వాడుక నిషేధింపబడెను. మనుష్యుని దేహము రాబందు దేహమువంటిది కాదు. అయినను ఈ మందు సామాన్యమైనది కాదని తెలిసికొనుట కీ దృష్టాంతము చాలును.

పేరులేని పొట్లములలో అమ్ము చూర్ణములను, నాలుగైదు రంగుల బిళ్లల కలగలుపును నమ్మరాదు. అట్టివానిలో స్టిరాయిడు కలిసియుండవచ్చును. మొదట నొప్పి మంత్రించినట్లు పోవును. పిదప మొగము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. చిరకాలము వాడినవారు హఠాత్తుగ మానుటయు ప్రమాదమే గనుక, మిగిలిన పొట్లములతో సహా వైద్యుని చూడవలెను.

మరి బాధపడువారికి మార్గమేమి? ముందుగా జబ్బు ఏదియో తెలిసికొనవలెను. వయస్సుతో మోకాలు అరుగుట వేరు. ఉదయమున చేతివ్రేళ్లు బిగిసి చాలసేపటివరకు సడలని కీళ్లవాతము వేరు. ఈ రెండవదానికి నొప్పిబిళ్ల చాలదు. కీళ్లు వంకరపోకమునుపే తగిన మందు మొదలిడవలెను. అందులకు ముఖ్యమైన మెతోట్రెక్సేటు, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1940 దశకములో అమెరికాలో రూపొందినది. కీళ్లవాతమునకు దీనిని వారమున కొక్క దినము మాత్రమే, వైద్యుని పర్యవేక్షణలో, పుచ్చుకొనవలెను. పొరబాటున ప్రతిదినము తినిన ప్రాణాపాయము.

మోకాలి అరుగుదలకు మొదటి మందు వ్యాయామము. మంచముపై కూర్చుండి, కాలు నిటారుగ చాచి, అయిదు లెక్కించువరకు నిలిపి దింపవలెను. ఇట్లు పదిమారులు, రెండుపూటల చేయవలెను. స్థూలకాయులు బరువు తగ్గవలెను. ఒక కిలో తగ్గినచో అడుగడుగునకు మోకాలిపై భారము సుమారు నాలుగు కిలోలు తగ్గును. గొంతుకూర్చుండి చేయు పనులకు పీట వాడవలెను. ఊతకర్రను నొప్పిలేని ప్రక్క చేతితో పట్టవలెను. వేడినీటి కాపడము హాయినిచ్చును. మందు కావలసివచ్చినచో పైపూత మేలు. మ్రింగెడి మాత్రకంటె అది రక్తములో చాల తక్కువగ చేరును. పారాసిటమాల్ కడుపునకు కొంత నయమైనను, దాని ఉపశమనము స్వల్పము. మితి మీరినచో కాలేయము చెడును. అనేకములైన నొప్పిబిళ్లలలో అదియు కలిసియుండును గనుక రెండును కలిపి తినరాదు.

ఎల్.బి. నగరునుండి మియాపూరుకు పోవు మెట్రో మార్గమునకు చేరువనే ఉస్మానియా ఆసుపత్రియు, పంజాగుట్టలోని నిమ్సును కలవు. నిమ్సులో కీళ్లవాతమునకు ప్రత్యేక విభాగము కలదు. నగరమునకు పనిమీద వచ్చిన దినముననే, వాడుచున్న మందులన్నియు సంచిలో వేసికొనిపోయి వైద్యునికి చూపుడు. ఎద్దు కుంటినచో కాలెత్తి ములుకు వెదకు రైతు, తన కాలు నొచ్చినపుడు మాత్రము కారణ మరయక బిళ్ల మ్రింగుట తగునా? సభ్యులు యోచింతురుగాక.