పందెపు కారు రంగు

ఫెరారీ కారు అనగానే చాలామందికి స్ఫురించేది ఎరుపు. కాని ఆ ఎరుపును మొదట ఎన్నుకొన్నది ఆ కంపెనీ కాదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో ఐరోపాలో దేశాల మధ్య మోటారు పందెములు జరిగేవి. ఏ కారు ఏ దేశానిదో దూరం నుంచి పోల్చుకొనేందుకు దేశానికొక రంగు ఏర్పడినది. ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, కాలక్రమాన ఇటలీకి ఎరుపు. 1903లో పందెం ఐర్లండులో జరిగినందువల్ల, ఆ దేశం మీది గౌరవంతో, ఇంగ్లీషువారు ఆకుపచ్చ పూసుకొన్నారు. తరువాత అదే వారి రంగుగా నిలిచిపోయినది.

జర్మనుల తెలుపు వెండిరంగుగా మారడం గురించి ఒక కథ ఉన్నది. 1934లో పందెపు కారు బరువు 750 కిలోలకు మించరాదని నిబంధన వచ్చినది. మెర్సిడెస్ కారు ఒక్క కిలో ఎక్కువ తూగగా, రాత్రికి రాత్రి తెల్లరంగు గీకివేశారనీ, తెల్లవారేసరికి అల్యూమినియం మెరుస్తూ బయటపడినదనీ చెబుతారు. పలువురు చరిత్రకారులు దీనిని నమ్మరు. అయినా రంగుకు కూడా బరువు ఉంటుందని గుర్తుచేసే కథ గనుక చెప్పుకోదగినదే.

రంగు పౌరుషానికి సంబంధించిన విషయం కూడా. 1964లో ఇటలీ మోటారు సంఘంతో తగవు వచ్చి, ఎంజో ఫెరారీ ఆ సంవత్సరం చివరి రెండు పందెములకు తన కార్లను తెలుపు, నీలం రంగులలో దింపాడు. జాన్ సర్టీస్ ప్రపంచ విజేత అయినది ఆ రంగు కారులోనే! 1968లో లోటస్ కార్ల మీదికి ఒక సిగరెట్టు కంపెనీ రంగులు ఎక్కిన తరువాత దేశాల రంగులు క్రమంగా వెనుకబడినవి. ఎరుపు మాత్రం ఫెరారీని విడువలేదు.

ఇక ఆ ఎరుపును లోహం మీద నిలపటం ఎట్లా? పూర్వం బండ్లకు వలెనే కార్లకూ కుంచెతో వార్నిషు పట్టించేవారు. అన్ని పూతలూ ఆరేసరికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డూపాంట్ సంస్థవారి డ్యూకో లాకరు వచ్చి, వారాల పనిని గంటలకు దించినది. లాకరు అనే మాటకు మన లక్కతో చుట్టరికం ఉన్నది. ఏటికొప్పాకలో తరిమెన మీద తిరిగే బొమ్మకు లక్క పట్టించేవారికి ఈ మాట పరాయిది కాదు.

నేటి కారు మీద ఉండేవి సాధారణంగా నాలుగు పొరలు. లోహపు దేహాన్ని తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పు పట్టనీయని పూత ఎక్కిస్తారు. దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని స్వచ్ఛమైన క్లియరు పూత. అన్నీ కలిపి సుమారు 120 మైక్రానులు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవవంతు. విచిత్రమేమంటే, మనం ముచ్చటపడి కొనుక్కొనే రంగు వీటిలో చాలా పలుచనిది. ఆ నిగనిగ మాత్రం పై పూతది.

ఎరుపు పెయింటరును ముప్పుతిప్పలు పెట్టే రంగు. సీసం కలిసిన పాత ఎరుపులు అడుగును బాగా కప్పేవి. విషమని వాటిని విడిచిపెట్టవలసి వచ్చినది. నేటి కాంతివంతమైన ఎరుపులు కొంత పారదర్శకంగా ఉండి అడుగును చూపిస్తాయి. అందుచేత ప్రైమరు రంగును కూడా దానికి తగినట్లు ఎంచుకోవాలి. ఈ లోపాన్నే కొందరు అందంగా మలిచారు. అడుగున అల్యూమినియపు సన్నని రేకులు కలిసిన పూత, దాని మీద లోపలికి చూపు పోనిచ్చే ఎరుపు, ఆపైన క్లియరు. వెలుగు ఎరుపులోనుంచి లోపలికి పోయి, రేకులకు తగిలి, మరల ఎరుపులోనుంచే వెలుపలికి వస్తుంది. మన కంసాలి రాతి అడుగున మెరిసే రేకు పెట్టి పొదగటంలోని కిటుకు ఇదే. కారు ఒంపు తిరిగినచోట ఆ ఎరుపు నల్లబడి, ఎదురుగా ఉన్నచోట నిప్పులా కనిపిస్తుంది.

అయితే మధ్య పొర కొంచెం మందమైతే రంగే మారిపోతుంది. తలుపు మీద గీత పడినదనుకోండి. రంగు పేరు, సంఖ్య తెలిసినంత మాత్రాన చాలదు. కర్మాగారంలో ఎంత మందంగా పట్టించారో పెయింటరు చేయి పోల్చుకోవాలి. ముందు చిన్న రేకుల మీద ఒకటి, రెండు, మూడు పూతలు వేసి, ఎండలో కారు ప్రక్కన పెట్టి చూస్తాడు. అప్పటికీ ప్రక్క భాగం మీదికి కొంత పలుచగా పాకించితే గాని కన్ను మోసపోదు.

ఆ పెయింటరు ప్రాణం సంగతి కూడా చెప్పాలి. గట్టిపడే ద్రావకం కలిపి చల్లే క్లియరు పూతలలో చాలావాటికి ఐసోసైనేటులు ఉంటాయి. ఆ తుంపరలు పీల్చినవారికి ఉబ్బసం రావచ్చు. ఒకసారి పట్టుకొన్నదంటే కొద్దిపాటి సోకుడుకే ఊపిరి అందదు. మూతికి చేతిరుమాలు కట్టుకొంటే అది ఆగదు. బయటి స్వచ్ఛమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు కావాలి. లక్షల ఖరీదైన కారుకు మెరుగుపెట్టే షెడ్డులో ఈ ముసుగు ఉన్నదా అని అడిగే యజమానులు ఎందరు?

పాలిషు మాట చెప్పి విరమిస్తాను. లాకరు రోజులలో కారును రుద్దితే గుడ్డకు ఎరుపు అంటేది. రంగు అరుగుతున్నదని గుడ్డే చెప్పేది. నేడు అరిగేది రంగులేని క్లియరు. గుడ్డ తెల్లగానే ఉంటుంది, కారు మరింత మెరుస్తుంది, యజమాని సంతోషిస్తాడు. ఆ పూత ఉండేదే నలభై యాభై మైక్రానులు; ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే పదార్థం అందులోనే ఉంటుంది. అది పలుచబడితే కొన్నేళ్లకు పొలుసులుగా లేస్తుంది. మందం కొలిచే పరికరాలు ఉన్నవి. ఇనుము మీద అయస్కాంతంతో పనిచేసేది చాలు. అల్యూమినియానికి మరొకటి కావాలి. కార్బను నార దేహమైతే శబ్దతరంగాలతో కొలవాలి. పాత కారు కొనబోయేవారు పై మెరుగును చూసి మురియక, ముందు ఆ కొలత తీయించుకోవటం మంచిది.