వెనక్కి రాని పెట్టె

నేలమీద సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు గీయండి. మొత్తం 25 గళ్ళు. వాటి చుట్టూ గోడ ఉందనుకోండి. నట్టనడిమి గడిలో ఒక గుర్తు పెట్టండి. ఒక చింతపిక్క తెచ్చి దాన్ని పెట్టె అనుకోండి. బస్తరు ప్రాంతంలో, బీజాపూర్ వైపు చదువుకునే వారికి చింతపిక్కల కోసం వెతుక్కునే పని ఉండదు. ఒక గులకరాయి మనిషి. మనిషి అడ్డంగా, నిలువుగా మాత్రమే నడుస్తాడు. పెట్టె వెనక నిలబడి దాన్ని ఒక్కొక్క గడి ముందుకు నెట్టగలడు. లాగలేడు. రెండు పెట్టెలు వరుసగా ఉంటే కలిపి నెట్టనూ లేడు. పెట్టె గుర్తున్న గడికి చేరితే ఆట ముగిసినట్లే.

ఇది కంప్యూటరు ఆటలలో పేరు పొందిన ‘సోకోబాన్’. జపాను దేశస్థుడు హిరోయుకి ఇమాబయాషి 1981లో దీన్ని తయారు చేశాడు. మరుసటి సంవత్సరం ఇది అమ్మకానికి వచ్చింది. ఆ పేరుకు గోదాము కాపలాదారు అని అర్థం. నియమాలు నేర్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు. అయినా ఈ ఆట గురించి, దీని బాటలో వచ్చిన ఆటల గురించి ఆడేవారు రెండు పక్షాలుగా చీలిపోయారు.

ఒక పక్షం వారి ఫిర్యాదు ఇది: “పదో అడుగులో తప్పు చేస్తాం. అది తప్పని ఆట చెప్పదు. రెండు వందల అడుగులు నడిచాక, చివరి పెట్టె దగ్గర తెలుస్తుంది. మళ్ళీ మొదటికి రావాలి. ఇది తెలివికి పరీక్షా, ఓపికకు పరీక్షా?” రెండో పక్షం వారి జవాబు: “ఇందులో పాచికలు లేవు, అదృష్టం లేదు, దాచిపెట్టినది ఏదీ లేదు. అంతా కళ్ళ ముందే ఉంది. చూడలేకపోవడం ఆట తప్పెలా అవుతుంది?”

ఎవరి మాట సబబు? చింతపిక్కనే అడుగుదాం.

పెట్టెను ఒక మూలకు నెట్టారనుకోండి. దాన్ని బయటికి నెట్టాలంటే మనిషి గోడలో నిలబడాలి. అది సాధ్యం కాదు కాబట్టి ఆ పెట్టె పని అయిపోయింది. మూల సంగతి అందరూ వెంటనే పట్టుకుంటారు. గోడ సంగతి అలా కాదు. పెట్టె గోడను ఆనుకుంటే గోడ వెంబడి అటూ ఇటూ జరుపగలం గాని, గోడ నుంచి విడదీయలేం. మన గుర్తు నడిమి గడిలో ఉంది. అంటే అంచున ఉన్న గళ్ళు 16కి 16 మృతగళ్ళే! పెట్టె ఇంకా కదులుతూనే ఉంటుంది, ఆట సాగుతున్నట్లే ఉంటుంది. కాని ఓటమి ఎప్పుడో ఖాయమైపోయింది. మొదటి పక్షం వారిని ఏడిపించేది సరిగ్గా ఇదే.

ఇప్పుడు గుర్తును ఎడమచేతి పై మూలకు మార్చండి. పై వరుస, ఎడమ వరుస గుర్తుకే దారి తీస్తాయి. కింది వరుస, కుడి వరుస మాత్రం మృతమే. లెక్క పెడితే 9 గళ్ళు. భయపెట్టే మూలలో గుర్తు ఉన్నప్పుడే ఆట తేలిక కావడం విచిత్రంగా లేదూ?

ఇక రెండు పెట్టెలు తెస్తే కొత్త చిక్కు. గోడను ఆనుకుని అవి పక్కపక్కన చేరాయంటే రెండూ బిగుసుకుపోతాయి. ఒకదాన్ని నెట్టడానికి నిలబడవలసిన చోట రెండోది ఉంటుంది. ఎదుటి వైపు నుంచి నెడదామంటే రెంటినీ కలిపి నెట్టాలి.

రూబిక్ ఘనంతో పోల్చి చూడండి. దాన్ని తిప్పితే వచ్చే అమరికల సంఖ్య 43 పక్కన 18 సున్నలు పెట్టినంత. ఏ అమరిక నుంచైనా 20 తిప్పుళ్ళలోపు సరిచేయవచ్చని 2010లో కంప్యూటర్ల సాయంతో తేల్చారు. అందులో మీరు ఎంత అడ్డదిడ్డంగా తిప్పినా ఓడిపోరు, ఎందుకంటే ప్రతి తిప్పుడునూ వెనక్కి తిప్పవచ్చు. సోకోబాన్‌లో నెట్టినదాన్ని లాగలేం. దీని కష్టమంతా అమరికల సంఖ్యలోనే లేదు, చాలావరకు ఈ వెనక్కి రాని గుణంలో ఉంది.

గణితజ్ఞులు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ కల్బర్సన్ 1997లో ఒక సంగతి నిరూపించాడు. పరిమితమైన జ్ఞాపకశక్తి గల కంప్యూటరు చేసే లెక్కను పెట్టెలు, గోడలతో గోదాముగా కట్టవచ్చు. ఆ గోదామును విప్పడమంటే ఆ లెక్క చేయడమే! ఎంత పెద్ద గోదామునైనా త్వరగా విప్పే ఒకే పద్ధతి ఇంతవరకు దొరకలేదు, దొరకదనే చాలామంది శాస్త్రజ్ఞుల నమ్మకం. అదే విశ్వవిద్యాలయంలో 1990లలో తయారైన ‘రోలింగ్ స్టోన్’ అనే ప్రోగ్రాము పేరొందిన 90 గోదాములలో సగానికి పైగా విప్పి, మిగిలిన వాటి దగ్గర ఆగిపోయింది. మొత్తం 90 విప్పిన మొదటి ప్రోగ్రాము 2020లో గాని వెలుగులోకి రాలేదు. మనుషులు అప్పటికే వాటన్నిటినీ విప్పి ఉన్నారు. కాబట్టి ఈ ఆటలో గంటసేపు చిక్కుకుపోయినవారు తమది మొద్దు బుర్ర అనుకోనక్కరలేదు.

మరి తగవు? పులి‌-మేక ఆడేటప్పుడు “తీసి పెట్టకూడదు” అని పోట్లాడుకోవడం మీకు తెలిసినదే. ఎదుట ప్రత్యర్థి ఉన్నప్పుడు ఆ నియమం న్యాయం. గోదాములో ప్రత్యర్థి ఎవరు? ఫిన్లాండుకు చెందిన ఆర్వి తైకారి 2019లో విడుదల చేసిన ‘బాబా ఈజ్ యూ’ ఈ కుటుంబంలోనిదే. అందులో ఎన్ని అడుగులైనా వెనక్కి వేయవచ్చు. అయినా దాన్ని కష్టమని వదిలేసినవారు ఉన్నారు, అందుకే మెచ్చుకున్నవారూ ఉన్నారు. నా మటుకు నేను వెనకడుగు పక్షమే. ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసుకుంటూ పోతే పెట్టె ఏ గడిలో ‘చనిపోయిందో’ దొరుకుతుంది. మొదటినుంచి మళ్ళీ ఆడితే అది దొరకాలని లేదు.

చివరిగా ఒక్క ప్రయోగం. గుర్తును పై గోడ మధ్య గడిలో పెట్టండి. ఈసారి మృతగళ్ళు ఎన్ని? ముందు చింతపిక్కతో లెక్కించి, తరువాత ఇది చదవండి: 13. మీకు 11 వచ్చిందంటే పై మూలలు రెండూ మరిచిపోయారన్నమాట.